గోడకి చెప్పుకునేవాళ్ళు

ఆ గోడ సంగతి పుట్టించింది నేనే. ముందే ఒప్పేసుకుంటున్నా, తర్వాత నన్నేదో పట్టేసుకున్నామని మీరు మురిసిపోకుండా.

నేను బోర్డులు రాసుకు బతికేవాణ్ణి. షాపుల పేర్లు, బస్సుల వెనక అక్షరాలు, 'రంగు ఆరలేదు, ముట్టుకోవద్దు' లాంటివి. ఆరో క్లాసులో లెక్కల మాస్టారి కుర్చీకి వార్నీషు పూసినందుకు నన్ను ఇంటికి పంపేశారు, మళ్ళీ పిలవలేదు. పెళ్ళి చేసుకోలేదు, మకాం మా అక్క ఇంట్లోనే. బావ పోయి చాలా ఏళ్ళయింది. అక్కకి ఒక్కతే కూతురు. పుట్టినప్పట్నించీ పుల్లలా ఉంటుంది కాబట్టి దాన్ని నేను పెన్సిలూ అంటాను. ఊరికి ఆ చివర, జనం ఎలా బతుకుతున్నారో పరిశోధన చేసే ఆఫీసులో ఉద్యోగం, అక్కడే గది.

"దానికో ఆఫీసెందుకే? మా మెట్ల మీద కూర్చో, అందరూ కనబడతారు," అన్నానోసారి.

"మీ మెట్ల మీద ఎనిమిదిళ్ళే కనబడతాయి మావయ్యా. మాకు ఊరంతా ఒక్కసారి కనబడాలి."

"అంత ఎత్తెక్కితే మనుషులు చీమల్లా ఉంటారు కదే."

"చీమలు ఎటు పోతున్నాయో ఎత్తు నించే తెలుస్తుంది," అంది. దానికీ నోరు నాదే వచ్చింది, వాళ్ళమ్మది కాదు.

అలా ఉండగా ఒక రోజు పొద్దున్నే చేతిలో ట్యాబు పట్టుకుని ఒకావిడ తలుపు కొట్టింది. పెన్సిలు ఆఫీసు నించేనట. మా బిల్డింగులో ఎనిమిదిళ్ళూ అడుగుతుందట. మెడలో కార్డు ఉంది, మొహంలో చిరునవ్వన్నది మచ్చుకైనా లేదు. అలాంటి మొహం చూస్తే నాకు చేతులు దురద పెడతాయి. పైగా ఈ జవాబులు రేపు పెన్సిలు చూస్తుంది, 'ఇది మా మావయ్య పనే' అని ఫోన్ చేసి తిడుతుంది, నవ్వుకోవచ్చు అనుకున్నాను. నా దురాలోచన అంతవరకే.

ఎన్ని గదులు, ఎన్ని బల్బులు అన్నీ అయ్యాక ఆవిడ అడిగింది, "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మొదట ఎవరికి చెబుతారు?"

"గోడకండి," అన్నాను.

"ఎవరికి?"

"గోడకి. మెట్ల దగ్గర పగులుంది చూశారా, అక్కడ నోరు పెట్టి జబ్బు చెప్పుకుంటాం. మా పెద్దల నించీ వస్తున్నదే."

ఆవిడ నవ్వలేదు. టకటకా కొట్టుకుంది. "తర్వాత డాక్టరుకి చెబుతారా?"

"అమ్మో! గోడకి చెప్పింది మనిషికి చెబితే జబ్బు తిరిగొచ్చేస్తుందండీ."

ఈ ముక్క ఎక్కణ్ణించి వచ్చిందో నాకే తెలీదు. నోట్లోంచి ఊడిపడింది. వంటింట్లోంచి అక్క, "ఒరేయ్, నీ నాలుక తెగిపోనూ," అని పమిట నోట్లో కుక్కుకుని నవ్వుతోంది.

ఆవిడ మంచినీళ్ళు తాగేలోపు మిగతా ఏడు తలుపులూ కొట్టొచ్చాను. ఇస్త్రీ ఆయన సరేనన్నాడు. పైనున్న టైలరమ్మ, "నన్నిరికించకు బాబూ," అంటూనే ఒప్పుకుంది. రిటైరైన పోస్టుమాస్టరు గారైతే, పెద్దాయన, గోడకి చెప్పేటప్పుడు కళ్ళు మూసుకోవాలని సొంతంగా ఒకటి కలిపారు. ఎనిమిదిళ్ళూ ఒకే మాట. ఆవిడ కింద గేటు దాటేదాకా ఊపిరి బిగబట్టి, ఆ తర్వాత మెట్ల మీద కూలబడి నవ్వుకున్నాం.

పెన్సిలు నించి ఫోన్ రాలేదు. మర్చిపోయాను.

మూడు నెలల తర్వాత పేపర్లో, లోపలి పేజీలో, చిన్న బాక్సు కట్టి వచ్చింది. ఊళ్ళో ఇరవై ఎనిమిది వేల కుటుంబాలు జబ్బు చేస్తే ముందు గోడకి చెప్పుకుంటాయని పరిశోధనలో తేలిందట. పూర్తి రిపోర్టు రెండు వారాలాగి గురువారం నాడు ఆరోగ్యశాఖ వాళ్ళ ముందు చదువుతారట.

చదివి నవ్వి నవ్వి పొలమారింది. ఎనిమిదిళ్ళకీ చూపించాను. కానీ 'ఇరవై ఎనిమిది వేలు' అన్న చోట అందరూ ఒక్క క్షణం ఆగారు. "అదేంటి, నిజంగా ఉన్నారా అలాంటోళ్ళు?" అంది టైలరమ్మ. నాకూ అనుమానం వచ్చింది. ఊరు పెద్దది, మనకి తెలిసిందెంత! అనుకుని ఊరుకుంటే పోయేది. ఊరుకోలేదు. చిన్న రేకు ముక్క మీద ఎర్ర రంగుతో 'జబ్బులు ఇక్కడ చెప్పుకోగలరు' అని రాసి, పగులు పక్కన మేకు కొట్టాను.

ఆ గురువారానికి ముందురోజు, బుధవారం పదకొండు గంటలకి ఒక బేకరీ బోర్డు పూర్తి చేసి ఇంటికొస్తున్నా. మా మెట్ల దగ్గర అక్క నిలబడి ఉంది. కళ్ళు మూసుకుని, పెదాలు పగులుకి ఆనించి, గొణుగుతోంది. నాకు నవ్వొచ్చింది.

"ఏంటక్కా, గోడతో ముద్దులా?"

ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. దొంగతనం చేస్తూ దొరికిన చిన్నపిల్లలా ఉంది.

"ఏం చెబుతున్నావు?"

"నీకెందుకురా?" అని మెట్లెక్కబోయింది. కుడికాలు ఈడుస్తోంది. ఎండాకాలం, అందరం చెప్పుల్లేకుండా తిరుగుతున్నాం, అక్క ఆ కాలికి మేజోడు తొడుక్కుంది.

"కాలికేమైంది?"

"ఏమీ కాలేదు. అయిందంతా తగ్గిపోయింది. నెల కిందట నీ రంగు డబ్బా మూత బొటనవేలికి గీసుకుపోయింది. పుండైంది. సలపరం భరించలేకపోయా. పది రోజుల్నించి ఇక్కడ చెప్పుకుంటున్నా. ఇప్పుడసలు నొప్పే లేదు. సూదితో గుచ్చినా తెలీదు, చూడు!"

మా అక్కకి షుగరు, పదకొండేళ్ళ నించీ. నాకు బోర్డులు నేర్పిన మా గురువుగారికీ షుగరే. ఆయనకీ ముందు కాలి వేలు సలిపింది. తర్వాత నొప్పి పోయింది. నొప్పి పోయిందని ఆయన మాకందరికీ టీ ఇప్పించాడు. మూడు వారాలకి మోకాలి కింద తీసేశారు, ఆ తర్వాత మనిషే లేడు.

వంగి మేజోడు పట్టుకోబోయాను. అక్క నా చెయ్యి విదిలించింది.

"ముట్టుకోకు! మనిషికి చూపిస్తే తిరిగొస్తుందని నువ్వే కదరా చెప్పావు!"

"అక్కా, అది నేను కల్పించింది. నీ ముందే కదా కల్పించాను! నువ్వు నవ్వావు కూడా!"

"మనం వేళాకోళం ఆడాం, నిజమే. మన ఎనిమిదిళ్ళూ అబద్ధమే అనుకో. మిగతా ఇరవై ఏడు వేల చిల్లర మందీ అబద్ధమేనా? వాళ్ళందరికీ కూడా నువ్వే వెళ్ళి చెప్పొచ్చావా? ఊళ్ళో ఉన్న ఆచారమే నీ నోటెంట వచ్చింది. నీకే తెలీకుండా."

"హాస్పిటల్‌కి పోదాం పద."

"నీ మాట నమ్మి ఒకసారి లాటరీ తగిలిందని వీధంతా స్వీట్లు పంచాను. ఇంక చాలు." గోడ పట్టుకుని మెట్లెక్కి వెళ్ళిపోయింది. వెనకాలే వెళితే లోపలి గది తలుపు గడియ పడింది.

నాకు తోచిందొకటే. ఆ మిగతా వాళ్ళలో ఎవరో ఒకర్ని పట్టుకురావాలి. గోడకి చెప్పి, తగ్గక, డాక్టరు దగ్గరికి పరిగెత్తినవాడు ఒక్కడుండడా అంతమందిలో? వాణ్ణి అక్క ముందు నిలబెడితే నమ్ముతుంది. బస్సెక్కి పెన్సిలు ఆఫీసుకి పోయాను. రెండుసార్లు దిగాల్సిన స్టాపు దాటిపోయాను, అంత కంగారు.

దాని గదిలో గోడ నిండా ఊరి పటం. రంగురంగుల ముక్కలు. పెన్సిలు రేపటికి కాగితాలు సర్దుకుంటోంది, కొత్త జాకెట్టు కుర్చీకి వేలాడేసి ఉంది.

"మావయ్యా! ఏంటీ చెమటలు?"

"ఆ గోడకి చెప్పుకునేవాళ్ళ పేర్లు కావాలే. ఒక్కటైనా సరే. అర్జంటు."

"పేర్లూ వీధులూ మాకు రావు మావయ్యా, రహస్యం. నంబర్లే వస్తాయి."

"ఇరవై ఎనిమిది వేలమందిని అడిగినప్పుడు పేర్లు రాసుకోలేదా?"

పెన్సిలు నవ్వింది. "అంతమందిని ఎవరు అడగ్గలరు? ఊళ్ళో ఎనిమిది లక్షల నలభై వేల ఇళ్ళున్నాయి. చీటీలు తీసినట్టు ముప్పై చోట్లు తీశాం. చోటుకి ఎనిమిదిళ్ళు. రెండొందల నలభై ఇళ్ళు అడిగితే ఊరంతా తెలిసిపోతుంది. ఒక్కో ఇల్లు మూడు వేల అయిదొందల ఇళ్ళ తరఫున మాట్లాడినట్టు లెక్క."

"అయితే గోడ అని ఎన్నిళ్ళు చెప్పాయి?"

"ఎనిమిది."

లెక్కల మాస్టారు బెత్తం పట్టుకుని నిలబడ్డా నేను ఎక్కం అప్పజెప్పిన పాపాన పోలేదు. ఆ రోజు మాత్రం నా బుర్ర దానంతటదే వెయ్యి మైళ్ళ వేగంతో తిరిగింది. ఎనిమిది మూడు వేల అయిదొందలు, ఇరవై ఎనిమిది వేలు. ఊరి పటంలో ఒక మూల చిన్న నీలం ముక్క ఉంది. అది మా వీధి. దాంట్లోంచి ఇరవై ఎనిమిది వేల సంసారాలు, భార్యాభర్తలూ పిల్లలూ ముసలాళ్ళూ, కళ్ళు మూసుకుని గోడల్లోకి గొణుగుతూ నిలబడ్డారు. అందరికీ నా మొహమే ఉంది.

"పెన్సిలూ," అన్నాను, "వాళ్ళు లేరే. ఒక్కడూ లేడు. అది నేనే."

మొదట అర్థం కాలేదు దానికి. తర్వాత నమ్మలేదు. "జోకులొద్దు మావయ్యా, రేపే మీటింగు," అంది. పోస్టుమాస్టరు గారు కళ్ళు మూసుకోవాలని కలిపిన ముక్క చెప్పాను. అది పేపర్లో రాలేదు. దాని కంప్యూటర్లో మాత్రం ఉంది. పెన్సిలు మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"ఎనిమిదీ ఒకే చోటివని చూశాను," అంది, నాతో కాదు, బల్లతో అన్నట్టు. "మిగతా ఇరవై తొమ్మిది చోట్ల ఒక్కరూ అనలేదు. ఏ వీధో అడిగి, ఒకసారి వెళ్ళి చూసి రావాల్సింది. అరపూట పని. అంత పెద్ద అంకె చూశాక వెళ్ళబుద్ధి కాలేదు మావయ్యా."

"తర్వాత నన్ను చెప్పుతో కొట్టు. ముందు ఇంటికి రా. మీ అమ్మ కాలు..."

"అమ్మ కాలికేమైంది?"

చెప్పాను. కొత్త జాకెట్టు కుర్చీకే వదిలేసి నాకంటే ముందు మెట్లు దిగింది.

మేము వెళ్ళేసరికి తలుపు ఇంకా గడియపెట్టే ఉంది. పెన్సిలు తలుపుకి నుదురు ఆనించి బతిమాలింది. "అమ్మా, ఆ అంకె నేను రాసిందే. తప్పు రాశాను. ఎవరూ లేరు. తలుపు తియ్యి."

"వీడు నిన్ను కూడా కూడగట్టుకొచ్చాడా?" లోపల్నించి అక్క గొంతు. "పేపర్లో వేశారు, ఆరోగ్యశాఖ వాళ్ళు వింటున్నారు. అదంతా అబద్ధమూ, మీ మావయ్య నిజమూనా? నాకు నొప్పి లేదే తల్లీ. బాగుంది. చూపిస్తే మళ్ళీ మొదలవుతుంది."

ఆ గొంతు వణుకుతోంది. అప్పుడర్థమైంది నాకు. అక్క గోడని నమ్మడం కాదు, కాలు చూసుకోడానికి భయపడుతోంది. ఆ భయం దాక్కోడానికి నేనొక చోటు కట్టిచ్చాను, పేపరు వాళ్ళు పైకప్పు వేశారు. తలుపు కింద సందులోంచి ఏదో వాసన వస్తోందని పెన్సిలు ముక్కు మూసుకుంది. ముప్పై ఏళ్ళుగా టర్పెంటైను పీల్చిన ముక్కు నాది, నాకేం తెలీలేదు. ఒకే ఇంట్లో ఉండి, నెల రోజులు, నాకేం తెలీలేదు.

పరిగెత్తాను. ఏడు తలుపులూ బాదాను. ఇస్త్రీ ఆయన పెట్టె ఆపి వచ్చాడు. టైలరమ్మ మెడలో టేపుతో వచ్చింది. పోస్టుమాస్టరు గారిని చెయ్యి పట్టుకుని దించాను. బస్సు డ్రైవరు డ్యూటీ దిగి పడుకున్నాడు, లేపుకొచ్చాను. మిగతా మూడిళ్ళ నించీ ఇంటికొకరు. అందరినీ మా ముందుగదిలో నిలబెట్టి, లోపలి గది తలుపు దగ్గర కూర్చున్నాను.

"అక్కా. ఇరవై ఎనిమిది వేల కుటుంబాలూ వచ్చాయి. బయటికొచ్చి లెక్కపెట్టుకో."

"వెధవ్వేషాలెయ్యకు."

"ఒట్టు. మీ అమ్మాయి తీసుకొచ్చింది. ఒక్కటి తగ్గినా నన్ను ఇంట్లోంచి గెంటెయ్యి."

చాలాసేపటికి గడియ తీసింది. సందులోంచి చూసింది. ఏడుగురు మనుషులు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీకుండా నిలబడి ఉన్నారు.

"వీళ్ళా?"

"ఏడుగురు, నాతో ఎనిమిది. ఇంతే అక్కా. ఊరంతట్లో ఇంకెవరూ లేరు. వీళ్ళనే మూడు వేల అయిదొందలేసి సార్లు లెక్కపెట్టారు."

"మీ తమ్ముడు చెప్పమంటే చెప్పానమ్మా," అన్నారు పోస్టుమాస్టరు గారు తల దించుకుని. "కళ్ళు మూసుకోడం నా సొంత పైత్యం. ఈ వయసులో నాకెందుకీ తిక్క, చెప్పు!"

"నేనూ అంతే వదినా," అంది టైలరమ్మ. డ్రైవరు తలూపాడు. ఒక్కొక్కరే చెప్పారు. ఇస్త్రీ ఆయన మాత్రం నోరు మెదపలేదు.

"నువ్వో?" అంది అక్క.

ఆయన బుర్ర గోక్కున్నాడు. "నేనూ అబద్ధమే చెప్పానమ్మా. కాకపోతే... పేపర్లో పడ్డాక, మొన్నామధ్య నడుం పట్టేసింది, ఎవరూ చూడకుండా ఒకసారి గోడకి చెప్పుకున్నా."

అక్క కళ్ళు మెరిశాయి. "చూశావురా! మరి తగ్గిందా?"

ఈయన ఇప్పుడు అవునంటే మా అక్క పోయినట్టే. జీవితంలో మొదటిసారి, ఎదుటివాడు నిజం చెప్పాలని దేవుళ్ళందరికీ మొక్కాను.

"ఎక్కడమ్మా," అన్నాడాయన. "రెండ్రోజులు వంగలేక ఇస్త్రీ పెట్టె పక్కన కుప్పకూలా. నిన్న మా ఆవిడ ఈడ్చుకెళ్ళి సూది వేయించింది. ఇదిగో, ఇప్పుడే వంగుతున్నా." నిజంగానే వంగి చూపించాడు.

ఎవరూ నవ్వలేదు. అక్క తలుపుకి జారగిలబడి అలాగే నేల మీద కూర్చుండిపోయింది. కూతురి వైపు చూసింది. "ఎనిమిది మందేనటే?"

"ఎనిమిదేనమ్మా."

కాలు ముందుకి చాపింది. పెన్సిలు మోకాళ్ళ మీద కూర్చుని మేజోడు కొంచెం కొంచెంగా దించింది. చివర్లో చర్మానికి అంటుకుపోయి రాలేదు. నీళ్ళతో తడిపి తీసింది. టైలరమ్మ అటు తిరిగిపోయింది. బొటనవేలు నల్లగా, కాల్చిన కట్టెలా ఉంది. పక్కవేలు సగం. దాని పైన ఎర్రగా ఒక గీత చీలమండ వైపు పాకుతోంది. అక్క ఇన్నాళ్ళూ తనే చూసుకోలేదు. ఇప్పుడు చూసింది. కెవ్వుమని కూడా అనలేదు. "ఒరేయ్ తమ్ముడూ," అంది, అంతే.

డ్రైవరూ నేనూ కుర్చీలో కూర్చోబెట్టి కిందకి మోశాం.

హాస్పిటల్లో డాక్టరమ్మ కాలు చూసి, నా వైపు చూసి, "ఇన్ని రోజులు ఏం చేస్తున్నారు?" అంది. సంతకం పెట్టమంది. బతుకంతా అక్షరాలు రాసినవాణ్ణి, నా పేరు నేను వంకరగా రాశాను. రెండు వేళ్ళు తప్పకుండా తీసెయ్యాలట. ఇంకో రెండ్రోజులు ఆగుంటే కాలే పోయేదట, ఆ తర్వాత ఆవిడ చెప్పలేదు. పాదం నిలుస్తుందో లేదో మర్నాడు కానీ తెలీదట.

మర్నాడు, గురువారం, పాదం నిలిచింది. మధ్యాహ్నం పెన్సిలు ఫోన్ చేసింది. మీటింగులో అందరి ముందూ చెప్పేసిందట. ఆ పేజీ రిపోర్టులోంచి తీసేశారు. దాన్ని ఇంక ఆ పనిలో ఉంచుతారో లేదో తెలీదు. "పేపరు వాళ్ళకీ చెప్పాను మావయ్యా. తప్పయిందని వేస్తారట."

"అంతే పెద్దగా వేస్తారా?"

"అమ్మకి మంచినీళ్ళు పట్టావా?" అని పెట్టేసింది.

నీళ్ళ సీసా నింపుకుందామని వరండాలోకి వచ్చాను. కుళాయి దగ్గర ఒకావిడ ముందుంది. ఎప్పుడూ చూసిన మొహం కాదు, మా వైపు మనిషి కాదు. వాళ్ళాయనకి కడుపులో నొప్పని చేర్చారట, ఆపరేషన్ జరుగుతోందట, ఆలస్యంగా తెచ్చారని డాక్టర్లు కోప్పడుతున్నారట. మాటల్లో నా వైపు వంగి గొంతు తగ్గించింది.

"మీకు తెలుసో లేదో బాబాయిగారూ, ముందు గోడకి చెప్పుకోవాలట. ఇరవై ఎనిమిది వేల ఇళ్ళల్లో చేస్తున్నారు, పేపర్లో పడింది. మా ఆయన వారం రోజులు చెప్పుకున్నారు. మధ్యలో ఆపాల్సింది కాదేమో, మా అత్తగారు తొందరపడి తీసుకొచ్చేశారు."

కుళాయి కింద ఆవిడ సీసా నిండి నీళ్ళు నా కాళ్ళ మీద పోతున్నాయి. నాకు కుళాయి కట్టాలని తోచలేదు.

"అమ్మా," అన్నాను, "ఆ ఇరవై ఎనిమిది వేలమందీ లేరు. అది నేను కల్పించింది. నేనే. ఒట్టు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. రెండు రోజుల్నించి ఏడుస్తున్న కళ్ళు. ఆ కళ్ళతోనే ఫక్కుమని నవ్వింది.

"భలేవారే బాబాయిగారూ," అంది. "మంచి నవ్వు తెప్పించారు, ఇలాంటప్పుడు." కుళాయి తనే కట్టి, సీసా తీసుకుని, ఆపరేషన్ గది వైపు వెళ్ళిపోయింది.

నేను ఆవిడ వెనకాలే పరిగెత్తాను.